పొగచేపల ప్రథమ ఫలం

ఫిబ్రవరి 12, బుధవారం

స్తోత్రం. మా కెజియాకి లైసెన్సు వచ్చేసింది.

కాగితం చేత్తో పట్టుకుని చూసాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. కెజియా ఫుడ్స్, పెదబొడ్డేపల్లి, నర్సీపట్నం. ఏడో తరగతితో మిషనరీల బడి మానేసినవాణ్ణి నేను. నలభై ఏళ్ళు ఇదే ఊరి మార్కెట్లో గంప ముందు కూర్చుని చేపలమ్మాను. నా కూతురి పేరు ప్రభుత్వం వాళ్ళు అచ్చేసి పంపారు. మూడుసార్లు చదివేసరికి మా ఆవిడ సువర్ణమ్మ కాగితం లాక్కుంది. "నలిగిపోతాది. నీ కన్నీళ్ళు పడితే సిరా కారిపోతాది. ఇలాగియ్యి."

ఈ డైరీ కోల్డ్ రూము బిగించినవాళ్ళు ఇచ్చారు. కెజియా నా చేతిలో పెట్టి, "ఊళ్ళో అందరికీ చెప్పి అలిసిపోతున్నావు నాన్నా, కొంచెం ఇందులో కూడా చెప్పుకో" అంది. అందుకని చెప్పుకుంటున్నాను.

అమ్మాయి పన్నెండేళ్ళు సముద్రం పక్క రొయ్యల ఫ్యాక్టరీలో తెల్లకోటు వేసుకుని పనిచేసింది. ఇప్పుడు మా పాత పాక తీసేసి రేకుల షెడ్డు వేసింది. పూడిమడక నుంచి వచ్చిన కానాగంత చేపల్ని కడిగి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, మామిడి చెక్క పొగలో ఉడికించి, పేకెట్లో పెట్టి గాలి తీసేస్తాది. పేకెట్టు చేప ఒంటికి అంటుకుపోతాది. కత్తిరించి తినేయడమే, వండక్కర్లేదు. విశాఖపట్నంలో పెద్ద కొట్టువాళ్ళు మొదటి సరుకు పంపమన్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. చేపల షెడ్డులో నిలబడి ముక్కు ఎగబీల్చాను. చేప వాసనే లేదు.

ఫిబ్రవరి 15

ఈరోజు మూడు ఇళ్ళకి వెళ్ళి లైసెన్సు సంగతి చెప్పాను. ఒకళ్ళు ముందే విన్నామన్నారు. మళ్ళీ చెప్పాను.

ఫిబ్రవరి 20

మొదటి సరుకు తయారయ్యింది. నీలం పెట్టెల్లో వరసగా పేర్చి కోల్డ్ రూములో పెట్టారు. వచ్చే గురువారం వేను వస్తాది.

పనిపిల్ల లోవలక్ష్మి నా తలకి కూడా గుడ్డటోపీ తగిలించి లోపలికి పంపింది. బంగారం రంగు చేపలు. ఒక పేకెట్టు తీసి వేలితో కొట్టాను, రాయిలా టంగుమంది. నాకు వెంటనే అర్థమైపోయింది. గాలి తగిలితే కదా ఏదైనా పాడయ్యేది. గాలే లేకపోతే ఇంక పాడయ్యేదేముంది. ఎంత తెలివో నా కూతురికి. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర అందరికీ ఇదే చెప్పాను. గాలి తీసేసిన చేప ఈస్టరు దాకా ఉంటాదని చెప్పాను. అందరూ నోరు తెరిచారు.

కెజియా రేపు విశాఖపట్నం వెళ్ళి కొట్టువాళ్ళతో మాట్లాడి సోమవారం వస్తాది. కోల్డ్ రూము తాళం నాకే ఇచ్చింది. నాకే.

"నాన్నా, తలుపు తియ్యక్కర్లేదు. లోపల చలి ఎంతుందో బయట ఎర్ర అంకె వెలుగుతాది కదా, మూడు దాటితే నాకు ఫోను చెయ్యి. అంతే నీ పని."

తాళం మొలతాడుకి కట్టుకున్నాను.

ఫిబ్రవరి 22

రేపే మా సంఘంలో కోత పండగ. అంకె రెండున్నర.

ఒక ఆలోచన వచ్చింది. ఎంత మంచి ఆలోచనో. నిద్ర పట్టేటట్టు లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇలాంటి రోజు నా బతుకులో రాలేదు.

మా తాత జీడిపిక్కలు తెచ్చేవాడు. మా నాన్న ఏటా మొదటి గంపలో పెద్ద చేప తెచ్చేవాడు. ఇంట్లో ఏ పని మొదలెట్టినా దాని ప్రథమ ఫలం గుడి బల్ల మీదికి రావాలి, ప్రార్థన అయ్యాక వేలంపాట పెట్టాలి. మా ఇంటి లెక్క ఇది. కెజియా ఊళ్ళో లేదు కాబట్టి తండ్రిగా ఆ పని నాది.

పొద్దున్నే తలుపు తీసి పది పేకెట్లు పళ్ళెంలో పెట్టుకుని తెల్ల తువ్వాలు కప్పి మోసుకెళ్ళాను. షామియానా కింద చెరకుగడలు, బెల్లం దిమ్మలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి మధ్యన మా పేకెట్లు. ఎండ షామియానాలోంచి దిగి వాటి మీద పడుతుంటే బంగారు బిస్కత్తుల్లా మెరిసాయి. పక్కనే కొవ్వొత్తులు వెలిగించారు. పిల్లలు వేళ్ళతో నొక్కి చూసారు. నేను ఆపలేదు, నొక్కనీ అన్నాను.

మా పాస్టరు దయాకర్ బాబు అయ్యగారు ఆరాధనలో కెజియా పేరెత్తి ప్రార్థన చేసారు. వాక్యం ఈసారి కాస్త ఎక్కువ సేపే చెప్పారు. ఆ తర్వాత వేలంపాట. మా దగ్గర పాట ఒకసారితో తెగదు కదా. పాడుకున్నవాళ్ళు మళ్ళీ బల్లకే ఇచ్చేస్తారు, మళ్ళీ పాట పెడతారు, దేవుడి పనికి ఇంకా డబ్బొస్తాది. మా పేకెట్లు అలాగ చేతులు మారి చేతులు మారి మధ్యాహ్నం దాటేదాకా తిరిగాయి. "పాడవదా?" అని ఎవరో అడిగారు. నేను లేచి నిలబడి గాలి సంగతి అందరికీ వినబడేటట్టు చెప్పాను.

మా వీధి ముసలావిడ అప్పాయమ్మప్ప ఒకటి పాడుకుంది. పింఛను డబ్బులు చెంగున కట్టుకుని వచ్చి, నలుగురు మగాళ్ళ మీద పాడి గెలిచింది. పేకెట్టు గుండెకి హత్తుకుంది. అయ్యగారు ఒకటి తీసుకున్నారు. మిగతావి అయిదిళ్ళకి వెళ్ళాయి. ఆఖరికి ఉండబట్టలేక నేనే లేచి మూడు పాడేసాను. నా కూతురి చేపలు నేను కొనుక్కున్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడ్చాను కూడా.

ఆ మూడూ ఏం చేసుకుంటాం, అమ్మకానికి ఉన్న సరుకు కదా. పూరేకులు, కొవ్వొత్తి మైనం అంటుకుంటే తడి తువ్వాలుతో శుభ్రంగా తుడిచేసాను. కొత్తవాటిలాగే అయ్యాయి. కోల్డ్ రూములో ఎక్కడివి అక్కడ సర్దేసాను.

అంకె రెండున్నరే. స్తోత్రం.

ఫిబ్రవరి 24

అమ్మాయి వచ్చింది. అలిసిపోయి పడుకుంది. కోత పండగ సంగతి ఆదివారం గుళ్ళో అయ్యగారి నోట వింటేనే బాగుంటాది. నేను చెప్పను.

ఫిబ్రవరి 25

ఎలా రాయాలి.

పొద్దున్న కెజియా టీ తాగుతూ ఫోను చూస్తోంది. సంఘం వాట్సాపులో కోత పండగ ఫోటోలు పెట్టారు. నేను పక్కన కూర్చుని ఆ ముఖమే చూస్తున్నాను, ఎప్పుడు వెలుగుతాదా అని. ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. గ్లాసు కింద పెట్టేసింది.

"నాన్నా, ఈ పేకెట్లు ఎక్కడివి?"

"మనవే. ప్రథమ ఫలం."

"ఎంతసేపున్నాయి బయట?"

"ఆరాధనంతా. తర్వాత పాట. అయ్యగారు నీ పేరు ఎంత బాగా..."

"ఎండలోనా?"

"షామియానా ఉంది కదా."

లేచి గోడకి చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను సంతోషం అనుకున్నాను. దేవుడు సాక్షి, సంతోషమే అనుకున్నాను.

అప్పుడు చెప్పింది. చేపని కుళ్ళబెట్టే పురుగు ఒకటి, ఇది వేరొకటి. ఇది కంటికి కనబడదు. దీనికి గాలి అక్కర్లేదు, గాలి లేని చోటే బాగా పెరుగుతాది. పొగలో ఉడికినా దాని విత్తనం చావకుండా ఉండిపోవచ్చు. దాన్ని ఆపేది చలి ఒక్కటే. వెచ్చబడితే నిద్ర లేచి విషం కక్కుతాది. ప్రతి పేకెట్టులోనూ ఉంటాదని కాదు. ఎందులో ఉందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

"వాసనొస్తాది కదా," అన్నాను.

"రాదు నాన్నా."

"రంగు మారతాది."

"మారకపోవచ్చు. రుచి కూడా. తినేస్తారు. మర్నాడో మూడోనాడో కనురెప్పలు వాలిపోతాయి. ఒకటి రెండుగా కనిపిస్తాది. మాట ముద్దగా వస్తాది. ఆ తర్వాత ఊపిరాడదు."

నలభై ఏళ్ళు ఈ ముక్కుతోనే బతికాను. గంప దగ్గరికి ఎవరొచ్చినా వాసన చూసుకుని కొనండి అని అరిచాను. మొప్ప ఎత్తి చూపించాను. నా దగ్గర కొన్న చేప తిని ఒక్కరికి కడుపు నొప్పి రాలేదు. వాసన లేకుండా చంపే చేప ఉంటాదా?

"ఎన్ని పట్టుకెళ్ళావు?"

నా నోట్లోంచి వచ్చింది. "ఏడు."

ఏడే కదా బయటికి వెళ్ళింది. మూడు తిరిగొచ్చేసాయి కదా.

ఫిబ్రవరి 25, సాయంత్రం

స్కూటీ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అయిదిళ్ళలో అయిదూ దొరికాయి. ఒకళ్ళు టీవీ మీద పెట్టుకున్నారు, బొమ్మలాగ. ఒకళ్ళు సాయంత్రం చుట్టాలకి పెడదామని అప్పుడే కత్తెర వెతుకుతున్నారు. ఒక్కొక్క ఇంట్లో ఒకే మాట. "మీ నాన్నగారే కదమ్మా ఈస్టరు దాకా ఉంటాదన్నారు." కెజియా నావైపు చూడలేదు. ప్రతి ఇంట్లోనూ చేతులు జోడించి తప్పు మాదేనంది.

అయ్యగారు ఆదివారం సాయంత్రమే తినేసారు. "చాలా బాగుందమ్మా" అన్నారు. కెజియా ఆయన్ని అప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరుకి విషయం చెప్పింది. కళ్ళల్లో లైటు వేసి చూసారు. ఇప్పటికైతే ఏమీ లేదు, వారం పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. అయ్యగారు నా భుజం తట్టారు. తిన్నది ఆయన, ఓదార్చింది నన్ను.

అప్పాయమ్మప్ప గుమ్మం దగ్గరే ఆపేసింది. "తినేసాను. మరేటి, పాడుకున్నది తిరిగిచ్చేస్తారా ఎవరైనా?" ఆసుపత్రికి రమ్మంటే, "నాకేటయ్యింది, రాయిలాగున్నాను" అని తలుపేసుకుంది.

ఇంటికొచ్చాక కెజియాని అడిగాను, ఊరికే అడిగినట్టు. "మళ్ళీ చలిలో పెట్టేస్తే ఆ పురుగు సస్తాదా?"

"చావదు. నిద్రపోతాది. కాని ఒకసారి విషం కక్కిందంటే, ఎంత చల్లబెట్టినా ఆ విషం పోదు."

నిద్రపోతాదట. నిద్రపోతే మంచిదే కదా. మూడే కదా. అన్ని పెట్టెల్లో మూడు. అందులోనూ ప్రతిదాంట్లో ఉండదనే కదా తనే చెప్పింది.

ఏడు అన్నది అబద్ధం కాదు.

ఫిబ్రవరి 26

పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళాను. పళ్ళు తోముకుంటున్నారు. దగ్గరగా వెళ్ళి రెప్పలు చూసాను.

"ఏటి క్రీస్తురాజు గారూ, నా మొహం మీద ఏటుంది?"

"ఏమీ లేదయ్యగారూ. నేను ఒకణ్ణే కనిపిస్తున్నానా మీకు?"

"ఒక్కరే చాలండి మాకు," అన్నారు.

రెప్పలు బాగానే ఉన్నాయి.

అప్పాయమ్మప్ప రెప్పలూ చూసాను. బాగానే ఉన్నాయి. ఆవిడ నన్ను తిట్టింది. మాట ముద్దగా లేదు.

రేపు వేను. లోవలక్ష్మి పెట్టెలకి పేర్లంటిస్తోంది. పాట పాడుకుంటోంది. కెజియా ఈరోజే మళ్ళీ నవ్వింది, కొట్టువాళ్ళు ఇంకో సరుకు కూడా అడిగారట. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఏమవుతాది. ఏ మూడో నాకే తెలీదు. తెలీనప్పుడు చెప్పి ఏం లాభం.

చెప్పలేదు.

సువర్ణమ్మ అడిగింది, "ఏటయ్యా, అన్నం కెలుకుతున్నావు?" ఎండ దెబ్బన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డ్రైవరు అప్పలరాజు వేను తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. పెట్టెలు ఎక్కిస్తున్నారు. కెజియా ఆఖరి పెట్టెలోంచి ఒక పేకెట్టు తీసి పరుగున ఇంట్లోకి వచ్చింది. వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇంతవరకు నువ్వు నోట్లో పెట్టుకోలేదు. మొదటి సరుకు. కోల్డ్ రూములోంచి ఇప్పుడే తీసాను, భయం లేదు. బేగి తినెయ్యి."

సువర్ణమ్మ చెయ్యి కడుక్కుంది. కత్తెరతో మూల కత్తిరించింది. పొగ వాసన ఇల్లంతా నిండింది. పళ్ళెంలో పెట్టుకుని ముల్లు చూసుకుంటూ చిన్న ముక్క తుంచింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ మూడింట్లో ఇది ఒకటేమో. కాదేమో. ముక్క పైకి లేచింది.

పళ్ళెం లాగేసాను. చేప నేలమీద పడింది. సువర్ణమ్మ వేళ్ళు పట్టుకుని నా తువ్వాలుతో తుడిచేసాను.

"పిచ్చెక్కిందా ఈ ముసలాడికి?" అంది.

నేను వేను వైపు పరిగెట్టాను. అప్పలరాజు తాళం తిప్పాడు. బోనెట్టు మీద రెండు చేతులు పెట్టి నిలబడిపోయాను. "తాతా, తప్పుకో, బండి వేడిగుంది," అని అరుస్తున్నాడు. కెజియా వచ్చింది.

చెప్పాను. పది తీసుకెళ్ళాను, మూడు తిరిగి తెచ్చాను, తుడిచాను, సర్దేసాను.

తను వేనులోని పెట్టెల వైపు తిరిగింది. తర్వాత, "గుర్తుపట్టగలవా?" అంది.

"శుభ్రంగా తుడిచేసాను."

"ఏ పెట్టెలో పెట్టావు?"

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."

అప్పుడు ఇంకొకటి అడిగింది. గట్టిగా అడగలేదు. "అమ్మ తినబోతే ఆపావు. ఈరోజు వేను వెళ్తాదని తెలిసి నిన్నంతా ఎందుకు చెప్పలేదు నాన్నా?"

విశాఖపట్నంలో తినేవాళ్ళ ముఖాలు నాకు కనబడలేదు. అంతే. నేను ఇలాంటి మనిషినని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. నలభై ఏళ్ళు మార్కెట్లో నమ్మకంగా అమ్మానని అందరికీ చెప్పుకున్నాను. కొనేవాళ్ళ ముఖాలు కనబడ్డాయి కాబట్టే నమ్మకంగా అమ్మానేమో.

కెజియా అప్పలరాజుతో, "అన్నీ దించెయ్యి" అంది.

"అన్నీయా? మూడింటికోసం?"

"ఏ మూడో చెప్పు, మిగతావి పంపుతాను."

వాడు అన్నీ దించాడు.

ఫిబ్రవరి 27, రాత్రి

మధ్యాహ్నం షెడ్డు వెనక పెద్ద గొయ్యి తవ్వారు. కొట్టువాళ్ళకి ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ఏమన్నారో చెప్పలేదు. లైసెన్సు ఇచ్చిన ఆఫీసరుకి కూడా తనే ఫోను చేసింది. నేను నిర్ఘాంతపోయాను. "ఎవరికీ ఏమీ అవ్వలేదు కదే, మనంతట మనం ఎందుకు పిలవడం?" అంటే, "అవ్వలేదని ఎలా చెప్తావు, పది రోజులు కాలేదుగా" అంది.

ఊరికే పారేస్తే ఎవరైనా ఏరుకుని తినేస్తారట. అందుకని ప్రతి పేకెట్టూ కోసి, చేపని గోతిలో వేసి, బ్లీచింగు పొడి చల్లాలి. చేతికి గ్లౌజులేసుకుని లోవలక్ష్మి, కెజియా, నేను కూర్చుని కోసాం. లోవలక్ష్మి ఒక్కతే ముక్కు ఎగబీలుస్తోంది, ఏడుస్తోంది పాపం.

నేను ప్రతిదాన్నీ వాసన చూసాను. గ్లౌజుతో మొప్ప దగ్గర ఒత్తి చూసాను. మామిడి పొగ, ఉప్పు, కొవ్వు. అంత బాగుంది. ఒక్కటైనా తేడాగా కంపు కొడితే బాగుండును, ఇదిగో ఇదే అని చెప్పేవాణ్ణి, మిగతావి బతికేవి. ఆఖరి పెట్టె దాకా చూసాను. అన్నీ ఒకేలాగ, అంత కమ్మగా.

మొలతాడు నుంచి తాళం విప్పి కెజియాకి ఇచ్చేసాను. తీసుకుంది.

ఫిబ్రవరి 28

అయ్యగారి రెప్పలు బాగున్నాయి.

అప్పాయమ్మప్ప ఇంటికి వెళ్ళేసరికి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి గ్లాసుతో తీస్తోంది. నీలం మూల ఒకటి బియ్యంలోంచి తొంగి చూసింది. మా లేబులు.

"అప్పా, తినేసానన్నావు."

డబ్బా మూత వేసేసింది. "అంటాను మరి. దేవుడి బల్ల మీదది నేను పాడుకున్నాను. మీ అమ్మాయి లాభం రాలేదని వెనక్కి అడుగుతోందని నాకు తెలీదేటి? ఆదివారం మనవడొస్తాడు, ఆడికి పెడతాను. ప్రార్థన చేసిన చేప."

"ప్రార్థన చల్లదనం ఇవ్వలేదప్పా. నేనే ఎండలో పెట్టాను."

"నువ్వే కదా గాలి లేదు, పాడవదన్నావు. అందరి ముందూ లేచి నిలబడి మరీ సెప్పావు. ఇప్పుడు మాట మారిస్తే నేను నమ్మాలా?"

ఆవిడ నమ్మదు. నా పాత మాట అంత గట్టిగా ఉంది. డబ్బులిస్తానన్నాను. పాడుకున్నదాన్ని డబ్బుకి అమ్మితే పాపమంది. అప్పుడు నాకు తోచింది.

"అయితే బల్లకే ఇచ్చెయ్యి. మళ్ళీ పాట పెడదాం."

దానికి మాత్రం కాదనలేకపోయింది. వాకిట్లో పీట వేసి దాని మీద పేకెట్టు పెట్టింది. "వచ్చినది గుడికి," అంది. పక్కింటి సింహాద్రమ్మ, ఎదురింటివాళ్ళు పోగయ్యారు. నేను వందన్నాను. సింహాద్రమ్మ నూటపదంది, ఆవిడకి కూడా ఆ బంగారు చేప మీద మనసుంది. నేను విషమని చెప్తున్నాను. ఆవిడ, "ధర తగ్గడానికి చెప్తున్నాడు, మార్కెట్టు మనిషి కదా," అని ఇంకా పెంచింది. అందరూ నవ్వుతున్నారు. నా చొక్కా చెమటకి తడిసిపోయింది. జేబులోది అయిపోయింది.

"మా గుడ్ల కోడి," అన్నాను.

మా నల్లకోడి సంగతి ఈ వీధంతటికీ తెలుసు. సువర్ణమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వదు. అప్పాయమ్మప్ప నా ముఖంలోకి చూసింది. అప్పుడే మొదటిసారి నవ్వు మానేసింది.

"సువర్ణమ్మ కోడి ఇచ్చేస్తున్నావంటే," అంది, "నిజంగానే ఏటో ఉందన్నమాట."

పాట తెగ్గొట్టి పేకెట్టు నా చేతిలో పెట్టింది. సింహాద్రమ్మ వెనక్కి జరిగింది, తన చెయ్యి తన కొంగుకి తుడుచుకుంది, తాకనే లేదు గాని.

కోడిని నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. సువర్ణమ్మతో ఇంకా మాటల్లేవు.

మార్చి 2

గుళ్ళో సాక్ష్యం చెప్పే వేళ లేచాను. గాలి లేకపోతే పాడవదన్నాను, అది తప్పని చెప్పాను. ఇంకేవో చాలా చెప్పాలనుకున్నాను. రాలేదు. కూర్చుండిపోయాను.

మార్చి 4

ఆఫీసరు వచ్చారు. కుర్రవాడు. కోల్డ్ రూము చూసారు, గొయ్యి చూసారు, బ్లీచింగు పొడి చూసారు. "తలుపు తీసిందెవరు?" అని అడిగారు. నేను ముందుకి అడుగేసాను. కెజియా నాకంటే ముందు మాట్లాడింది.

"మా పొరపాటండి. పని నేర్పించకుండా తాళం ఇచ్చాను."

ఆయన రాసుకుని, లోపల అడుగుపెట్టే ప్రతివాళ్ళకీ పని నేర్పించి, పరీక్ష పెట్టి, ఆ తర్వాతే కొత్త సరుకు మొదలెట్టమన్నారు. కొట్టువాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు.

మార్చి 6

అయ్యగారి కళ్ళు ఈరోజుతో చూడక్కర్లేదని డాక్టరు చెప్పారట. అయినా వెళ్ళాను. నన్ను చూడగానే ఆయనే కళ్ళజోడు తీసి మొహం ముందుకి చాపారు. టీ ఇచ్చారు.

మార్చి 8

సువర్ణమ్మ మాట్లాడింది. "ఉప్పు సరిపోయిందా?" అంది. సరిపోయిందన్నాను. సరిపోలేదు గాని.

కొట్టువాళ్ళు ఫోను చేసారు. సరుకు పంపొచ్చు, కాని మొదటి మూడుసార్లూ వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడట. అది మంచిదో చెడ్డదో కెజియా ముఖం చూసి తెలుసుకోలేకపోయాను.

మార్చి 10

పరీక్ష పెట్టారు. షెడ్డులో బల్ల వేసారు. అప్పలరాజుకి కూడా పెట్టారు, వాడు పాసయ్యాడు. నాకు లోవలక్ష్మి పెట్టింది, గుడ్డటోపీ తగిలించి మరీ. కెజియా అవతల గాలి తీసే మిషను తుడుస్తోంది. వినబడనట్టు తుడుస్తోంది.

"తాతా, చెయ్యి ఎలాగ కడుక్కోవాలి?" చూపించాను.

"ఒకసారి బయటికెళ్ళిన పేకెట్టు మళ్ళీ లోపలికి రావొచ్చా?"

"రాకూడదమ్మా."

"ప్రార్థన చేసినదైతే?"

"ప్రార్థన చేసినదైనా." ఎక్కడ నేర్చుకుందో ఈ వెటకారం.

"అంకె ఎంత దాటకూడదు?"

"మూడు."

ఆ తర్వాత పరీక్ష కోసమని విడిగా చేసిన ఒక పేకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. బంగారం రంగు చేప, ఒంటికి అంటుకున్న పేకెట్టు. ఒక మూల కత్తిరించి ఉంది. చేతికిచ్చింది.

"ఇది బాగుందో పాడయ్యిందో చూసి చెప్పు తాతా."

ముక్కు దానంతట అదే వంగింది. నలభై ఏళ్ళ అలవాటు. మామిడి పొగ, ఉప్పు, కొవ్వు. కమ్మగా ఉంది. మొప్ప చూసాను, ఒత్తి చూసాను. నోటిదాకా వచ్చేసింది బాగుందని.

పేకెట్టు కింద పెట్టేసాను.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

అవతల మిషను తుడిచే చప్పుడు ఆగింది. లోవలక్ష్మి పెన్నుతో టిక్కు పెట్టింది. "రైటు," అంది.

తెలీదన్నందుకు మార్కు వేస్తారని నాకు ఇంతవరకు తెలీదు. ఇంటికొచ్చాక సువర్ణమ్మకి చెప్పాను. అప్పాయమ్మప్పకి చెప్పాను, మా నల్లకోడి ఆవిడ వాకిట్లో బాగానే తిరుగుతోంది. టీ కొట్టు దగ్గర చెప్పాను. అయ్యగారికి రేపు చెప్తాను.

తాళం ఇంకా కెజియా దగ్గరే ఉంది. అడగలేదు. వేను వచ్చినప్పుడు పెట్టెలు ఎక్కించమంది.